బెరా రిపోర్టు వచ్చిన మర్నాటి నుంచి

వెనక నిలబడి చప్పట్లు కొడితే పాప తిరిగింది, స్టీలు పళ్లెం కింద పడేస్తే ఉలిక్కిపడింది, కాబట్టి చెవులు బాగానే ఉన్నాయి. చాలా ఇళ్లలో పరీక్ష ఇంతటితో అయిపోతుంది. పళ్లెం పడితే నేల అదురుతుంది. చప్పట్లు కొడితే గాలి తగులుతుంది, నీడ కదులుతుంది, ఎదురుగా కూర్చున్న అమ్మమ్మ చూపు అటు తిరుగుతుంది. పసిబిడ్డ ఇవన్నీ పసిగడుతుంది. పైగా పళ్లెం చప్పుడు ముందు మనిషి మాట ఎంత? పళ్లెం వినపడి మాట వినపడని పిల్లలు ఎంతోమంది. "మగపిల్లలకు మాటలు ఆలస్యమే", "వాళ్ల మేనమామకూ ఐదేళ్లకు గానీ రాలేదు" అనుకుంటూ, వస అరగదీసి నాకిస్తూ ఏడాదో రెండేళ్లో గడిచాక ఒకరోజు బెరా (బిడ్డ నిద్రలో ఉండగా వినికిడిని కొలిచే పరీక్ష) గదిలోంచి కాగితం బయటికొస్తుంది. దాని మీద 'సివియర్' (లోపం తీవ్రం) అనో 'ప్రొఫౌండ్' (అతి తీవ్రం) అనో ఒక మాట ఉంటుంది.

వెయ్యిమంది పుడితే వాళ్లలో ఒకరిద్దరు చెప్పుకోదగ్గ వినికిడి లోపంతోనే పుడతారు. ఆ పిల్లల్లో 90 శాతానికి పైగా తల్లిదండ్రులకు చెవులు మామూలుగా వినపడతాయి. కనుక ఈ కాగితం వెళ్లే ఇంట్లో దీని గురించి తెలిసినవాళ్లు దాదాపు ఎవరూ ఉండరు. ఆ ఇంటివాళ్ల కోసమే ఇది రాస్తున్నాం. వినికిడి మిషను కొన్నాం, ఆపరేషను చేయించాం అనుకోగానే పని అయిపోదు. బిడ్డ మేలుకుని ఉన్న గంటల్లో ఎన్ని గంటలు చెవిలోకి స్పష్టమైన మాట వెళ్లింది? మాటలు వచ్చేదీ రానిదీ దాన్నిబట్టే. కింద రాసిన చిన్నచిన్న పనులన్నీ ఆ గంటలు పెంచడానికే.

ముందు రిపోర్టు సంగతి. బెరా పరీక్షలో నుదుటి మీద, చెవుల వెనక ఎముక మీద అంటించిన తీగలు మెదడు కాండం నుంచి వచ్చే చిన్న విద్యుత్ సంకేతాన్ని పట్టుకుంటాయి. చెవిలో టిక్ టిక్ మనే చప్పుడు 90 డెసిబెల్స్ నుంచి మెల్లగా తగ్గిస్తూ పోతారు. ఆ సంకేతం గీసే గీతలో ఐదో అల ఎంత చిన్న చప్పుడుదాకా కనపడిందో అదే లెక్క. "90 దగ్గర కూడా స్పందన లేదు" అని రాసి ఉంటే బిడ్డకు ఏ చప్పుడూ వినపడదని అర్థం చేసుకోకూడదు. ఆ టిక్ శబ్దం ముఖ్యంగా 2000 నుంచి 4000 హెర్ట్జ్ ప్రాంతాన్నే పరీక్షిస్తుంది. కింది స్థాయిలో, 500 హెర్ట్జ్ దగ్గర, ఎంతోకొంత వినికిడి మిగిలి ఉండొచ్చు. అందుకే ఒక్కో స్థాయి శబ్దాన్ని విడిగా పరీక్షించే టోన్ బరస్ట్ బెరా గానీ ఏఎస్ఎస్ఆర్ గానీ చేయించి, ఏ పౌనఃపున్యంలో ఎంత ఉందో ఒక్కో చెవికి విడివిడిగా రాయించుకోండి. మిషను అమర్చడానికి ఆ అంకెలే ఆధారం. 'రెండు చెవులూ ప్రొఫౌండ్' అన్న ఒక్క వాక్యంతో ఆడియాలజిస్టు ఏ మిషనూ సరిగ్గా పెట్టలేరు.

ఇంకో మూడు సంగతులు రిపోర్టులో ఉన్నాయో లేదో చూసుకోండి. ఒకటి టింపనోమెట్రీ, అంటే చెవి పొర కదలిక చూసే పరీక్ష. చెవి పొర వెనక నీరు చేరి ఉంటే దానివల్లే 20, 30 డెసిబెల్స్ అదనంగా తగ్గినట్టు కనిపిస్తుంది. ఆరు నెలల లోపు పిల్లలకు ఈ పరీక్ష 1000 హెర్ట్జ్ శబ్దంతో చేయాలి. పెద్దవాళ్లకు వాడే 226 హెర్ట్జ్‌తో చేస్తే నీరున్నా లేనట్టు చూపించగలదు. రెండోది ఎముక ద్వారా శబ్దం పంపి చేసే బెరా. లోపం బయటి, మధ్య చెవిలోనా లోపలి చెవిలోనా అన్నది దీంతో తేలుతుంది. మూడోది ఓఏఈ, అంటే లోపలి చెవి తిరిగి పంపే సన్నని శబ్దాన్ని పట్టుకునే పరీక్ష. ఓఏఈ వచ్చి బెరా రాకపోతే దారి పూర్తిగా మారుతుంది. లోపలి చెవిలోని రోమకణాలు పనిచేస్తున్నాయి, సంకేతం నరం వెంట సరిగ్గా వెళ్లడం లేదు అని దాని అర్థం. దీన్ని ఆడిటరీ న్యూరోపతి అంటారు. పుట్టగానే కామెర్లు ముదిరి రక్తమార్పిడి దాకా వెళ్లిన పిల్లల్లో, నెలలు నిండకుండా పుట్టి ఐసీయూలో ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువ. ఇలాంటి బిడ్డకు ఓఏఈ ఒక్కటే చేసి 'పాస్' అని పంపిస్తే లోపం దొరకదు. ఐసీయూలో ఉన్న పిల్లలకు ఓఏఈ సరిపోదని, బెరా తప్పనిసరి అని చెప్పేది అందుకే.

పరీక్ష చెడిపోవడానికి కారణాలు చాలా మామూలువి. ఆ రోజు తలకు నూనె రాశారంటే తీగలు అంటుకోవు. తలంటి, నూనె లేకుండా తీసుకెళ్లండి. బిడ్డ గాఢంగా నిద్రపోవాలి కాబట్టి ముందు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, పొద్దున్నే లేపి, దారిలో కునుకు తీయకుండా చూసుకుని, గదిలోకి వెళ్లబోయే ముందు పాలు పట్టాలి. నిద్రమందు ఇస్తే పాలు ఎంతసేపటి ముందు ఆపాలో డాక్టరు చెప్పినట్టే చేయండి. జలుబు చేసి ఉంటే వాయిదా వేయించుకోవడం మంచిది. బిడ్డ మధ్యలో లేచి ఒక చెవి పరీక్ష మిగిలిపోతే "రెండోది కూడా ఇంతే ఉంటుందిలే" అని సరిపెట్టుకోకుండా ఇంకో రోజు అడగండి.

రెండో అభిప్రాయం తీసుకోవడంలో తప్పు లేదు. దానికి గడువు పెట్టుకోండి, రెండు వారాలు చాలు. ఊరూరూ తిరిగి ఏడుచోట్ల అదే బెరా చేయించుకుంటే ఆరు నెలలు పోతాయి. వైద్యులు చెప్పే లెక్క 1-3-6: నెల లోపు స్క్రీనింగు, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు మిషనూ శిక్షణా మొదలు. మన దగ్గర ఎక్కువమందికి ఆ మూడు గడువులూ దాటాకే తెలుస్తుంది. దాటిపోయిన కాలం గురించి ఒకరినొకరు అనుకోవడం వల్ల ఒక్క రోజు కూడా వెనక్కి రాదు.

ఎవరివల్ల వచ్చింది అన్న ప్రశ్న మాత్రం ప్రతి ఇంట్లో లేస్తుంది. గ్రహణం రోజు బయటికి వెళ్లావు, అది తిన్నావు, ఇది ఎత్తావు అని కోడలి మీదికి వస్తుంది. వీటిలో దేనికీ చెవితో సంబంధం లేదు. పుట్టుకతో వచ్చే లోపాల్లో సగానికి పైగా జన్యువులవల్ల వస్తాయి. వాటిలో ఎక్కువ భాగానికి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు మార్పు చెందిన ప్రతులు కలవాలి. కనెక్సిన్ 26 అనే ప్రొటీన్ తయారుచేసే జీజేబీ2 జన్యువులో మార్పు వీటన్నిటిలోకీ బాగా తెలిసినది. తల్లిదండ్రులిద్దరికీ చెవులు చక్కగా వినపడుతూనే ఇద్దరి దగ్గరా ఆ ప్రతి ఉండొచ్చు. అప్పుడు ప్రతి కాన్పులోనూ 25 శాతం అవకాశం. మేనరికంలో అవకాశం ఎందుకు పెరుగుతుందంటే, ఒకే తాత నుంచో అమ్మమ్మ నుంచో అదే ప్రతి ఇద్దరికీ వచ్చి ఉండొచ్చు కాబట్టి. అంటే ఒక వైపువాళ్లను తప్పుపట్టే ఆస్కారమే ఇందులో లేదు. రెండో బిడ్డ ఆలోచన ఉంటే జన్యు పరీక్ష, కౌన్సెలింగు ఇప్పుడే అడగండి. మిగతా కారణాల్లో గర్భంలో రుబెల్లా, సైటోమెగలో వైరస్, తీవ్రమైన కామెర్లు, మెదడు పొరల వాపు జ్వరం (మెనింజైటిస్), జెంటమైసిన్, అమికాసిన్ వంటి మందులు ముఖ్యమైనవి. కుటుంబంలో తల్లివైపు ఇంజెక్షన్ల తర్వాత చెవి పోయినవాళ్లు ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి.

కారణం వెతికే పనిలో రెండు పరీక్షలు తేలిగ్గా మర్చిపోతారు. ఈసీజీ ఒకటి. పుట్టు చెవుడుతో పాటు గుండె లయ లోపం ఉండే అరుదైన జబ్బు ఉంది, అది ఉందని తెలియకపోతే ప్రాణం మీదికి వస్తుంది. రెండోది కంటి పరీక్ష. వినికిడి తగ్గిన బిడ్డకు చూపే పెద్ద ఆసరా, దాన్ని ముందే సరిచూసుకోవాలి.

మెదడు పొరల వాపు జ్వరం తర్వాత చెవి పోతే మాత్రం ఆగే సమయం లేదు. లోపలి చెవిలోని నత్తగుల్ల వంటి భాగం, కాక్లియా, ఎముకగా గట్టిపడిపోవడం వారాల్లోనే మొదలవ్వచ్చు. అది పూర్తిగా పూడిపోతే కాక్లియర్ ఇంప్లాంటు (ఆపరేషను చేసి లోపలి చెవిలో అమర్చే సాధనం) తీగ లోపలికి దూరదు. ఇలాంటి బిడ్డకు "మూడు నెలలు మిషను పెట్టి చూద్దాం" వర్తించదు. వెంటనే స్కానింగు, వెంటనే సర్జన్ దగ్గరికి.

మిగతా పిల్లలందరికీ మొదటి అడుగు మిషనే. కాక్లియర్ ఆపరేషను ఖాయం అనిపించినా సరే, అప్పటిదాకా చెవులను ఖాళీగా ఉంచకండి. చెవి వెనక పెట్టే డిజిటల్ మిషన్లు, రెండు చెవులకూ. జేబులో పెట్టుకునే పాత రకం వద్దు. బట్టల రాపిడి శబ్దమే దాంట్లో ఎక్కువ వినపడుతుంది. ఒక చెవికి పెట్టి చూసి తర్వాత రెండోది అనే పొదుపు కూడా వద్దు. శబ్దం ఎటునుంచి వచ్చిందో తెలియాలన్నా, గోలలో మాట పట్టుకోవాలన్నా రెండూ కావాలి.

చెవి అచ్చు, అంటే మోల్డ్, మిషనంత ముఖ్యమైనది. అచ్చు తీసేటప్పుడు ముందుగా చెవిలో లోపలికి దారం కట్టిన చిన్న దూది ముక్కో స్పాంజి ముక్కో పెట్టాలి, ఆ తర్వాతే ముద్ద పోయాలి. ఆ అడ్డు లేకుండా పోస్తే ముద్ద చెవి పొర దాకా వెళ్తుంది. పెట్టారో లేదో మీరు చూసుకోండి. పసిపిల్లలకు మెత్తటి సిలికాన్ మోల్డే కావాలి, గట్టి అక్రిలిక్ వద్దు, పడితే చెవి గాయమవుతుంది. మొదటి ఏడాదిలో చెవి ఎంత త్వరగా పెరుగుతుందంటే నెలకో రెండు నెలలకో కొత్త మోల్డ్ కావాల్సి వస్తుంది. తర్వాత మూడు నుంచి ఆరు నెలలకు. మిషను 'కుయ్' మని కూత పెడుతుంటే మోల్డ్ వదులై శబ్దం బయటికి కారి మళ్లీ మైకులోకి వెళ్తోందన్నమాట. కూత ఆగాలని సౌండు తగ్గిస్తారు, ఇక్కడే చాలా నష్టం జరుగుతుంది. కూత ఆగుతుంది, బిడ్డకు మాటా ఆగిపోతుంది. కొత్త మోల్డ్‌కు ఆర్డరివ్వండి. పాలు పట్టేటప్పుడు, ఎత్తుకున్నప్పుడు చెవి మీ ఒంటికి నొక్కుకుని వచ్చే కూత వేరు, అది పక్క మారిస్తే పోతుంది.

మిషన్లు ట్యూన్ చేసేటప్పుడు ఒక ప్రశ్న అడగాలి: "చెవిలో ప్రోబ్ పెట్టి కొలిచారా?" పసిబిడ్డ చెవి గొట్టం చాలా చిన్నది. అదే మిషను, అదే సెట్టింగు పెద్దవాళ్ల చెవిలో కంటే చిన్న చెవిలో ఎక్కువ తీవ్రతతో మోగుతుంది. అందుకే కొలిచి పెట్టాలి. కొలిచే సాధనం లేనిచోట సాఫ్ట్‌వేర్ వయసును బట్టి సగటు విలువ వేసుకుంటుంది. కనీసం పుట్టిన తేదీ సరిగ్గా కొట్టారో లేదో చూసుకోండి. కంపెనీ సాఫ్ట్‌వేర్ 'ఫస్ట్ ఫిట్' నొక్కి చేతికిచ్చేస్తే అది పిల్లల ఫిట్టింగు అనిపించుకోదు. కొత్త మోల్డ్ వచ్చిన ప్రతిసారీ ఈ కొలత మళ్లీ చూడాలి.

ఇక రోజువారీ పని. తండ్రి పొద్దున్న, తల్లి సాయంత్రం, లేదా అటుది ఇటు, ఎవరో ఒకరి పేరున ఈ పని ఉండాలి. అందరిదీ అనుకుంటే ఎవరూ చేయరు.

పొద్దున్నే మిషను తీసి బ్యాటరీ చూడాలి. ఇంట్లో ఒక చిన్న బ్యాటరీ టెస్టర్ పెట్టుకోండి. పిల్లల మిషన్లకు సాధారణంగా నారింజరంగు స్టిక్కరున్న 13 నంబరు గానీ, ఎక్కువ పవరైతే నీలం స్టిక్కరున్న 675 గానీ వస్తాయి. ఇవి గాలితో పనిచేస్తాయి. స్టిక్కరు పీకి కనీసం ఒక నిమిషం బయట ఉంచాకే లోపల పెట్టండి, లేకపోతే త్వరగా అయిపోతాయి. స్టిక్కరు మళ్లీ అంటించి దాచుకోవచ్చనుకోకండి, అది పనిచేయదు. తర్వాత స్టెతస్కోపులా చెవులకు పెట్టుకునే స్టెటోక్లిప్‌తో మిషను విని చూడండి. పవరు ఎక్కువున్న మిషను అయితే దూరంగా పట్టుకుని క్షణంపాటు చాలు, మీ చెవులు జాగ్రత్త. గరగర, తెగితెగి రావడం, బొంగురు ఉంటే సర్వీసుకు పంపాలి. ట్యూబులో నీటి బొట్టు కనపడితే ఊదే రబ్బరు బుడ్డితో ఊదేయండి, నోటితో ఊదకండి, తేమ ఇంకా పెరుగుతుంది. ట్యూబు పసుపెక్కి గట్టిపడితే మార్పించండి, మూడు నాలుగు నెలలకు ఆ అవసరం వస్తుంది.

కాకినాడ, మచిలీపట్నం, విశాఖలాంటి ఉక్కపోత ఊళ్లలో మిషన్లు పాడవడానికి పెద్ద కారణం చెమట. రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి, బ్యాటరీ బయటికి తీసి, మిషన్లను సిలికా జెల్ ఉన్న మూతబిగువు డబ్బాలో పెట్టండి. జెల్ గుళికలు రంగు మారితే మార్చాలి. మోల్డ్‌ను మిషను నుంచి విడదీసి గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి, తెల్లారేదాకా ఆరనివ్వండి. మిషనుకు నీళ్లు తగలకూడదు.

బ్యాటరీ విషయంలో భయపడి తీరాలి. అది మింగినా, ముక్కులోనో చెవిలోనో దూర్చుకున్నా గంటల్లో లోపలి కండను కాల్చేస్తుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఏ చుక్కలూ వేయకండి, వాంతి చేయించకండి. కొనేటప్పుడే తాళం పడే బ్యాటరీ తలుపు అడగండి. పాత బ్యాటరీలు లెక్కపెట్టి దుకాణంలో ఇచ్చేయండి, కిటికీ గట్టు మీద వదలొద్దు.

ఆరు నెలల నుంచి ఏడాదిన్నర మధ్య పిల్లలు మిషను పీకేస్తూనే ఉంటారు. ముందు కారణం చూడాలి: మోల్డ్ ఎక్కడైనా ఎర్రగా ఒరిసిందా, చెవి కారుతోందా, మిక్సీ వేసినప్పుడే పీకుతోందా? చివరిదైతే సెట్టింగులో పెద్ద శబ్దాల హద్దు తగ్గించాలి, ఆడియాలజిస్టుకు చెప్పండి. ఏమీ లేకపోతే తన చెవులు తనకు కొత్తగా దొరికాయి, అంతే. తిట్టకుండా, నవ్వకుండా, ఏమీ జరగనట్టు మళ్లీ పెట్టండి. చొక్కాకు తగిలించే దారం క్లిప్పు, చర్మానికి హాని చేయని రెండువైపుల టేపు, పల్చటి నూలు టోపీ సాయపడతాయి. మందపాటి ఉన్ని టోపీ మైకును మూసేస్తుంది. మొదటి రోజుల్లో పది నిమిషాల చొప్పున ఆటలో పెడుతూ, రెండు వారాల్లో మేలుకుని ఉన్నంతసేపూ అన్నదానికి రావాలి. ఏడాది బిడ్డ రోజుకు 12 గంటలు మేలుకుని ఉంటుందనుకుందాం. మూడు గంటలే పెడితే నాలుగు రోజులకు గానీ ఒక రోజు వినికిడి జమ కాదు. ఏడాది తిరిగేసరికి మూడు నెలలు విన్నట్టు. మిషను లోపలే వాడిన గంటలు నమోదవుతాయి, వెళ్లినప్పుడల్లా ఆ అంకె అడిగి రాసుకోండి.

ప్రతి పొద్దునా మిషను పెట్టాక ఆరు శబ్దాలు వినిపించండి: మ్, ఊ, ఆ, ఈ, ష్, స్. మొదటివి కింది స్థాయి, చివరిది 4000 హెర్ట్జ్ పైన. వాటి మధ్య మాట శబ్దాలన్నీ ఉంటాయి. బిడ్డకు మీ ముఖం కనపడకుండా పక్కన కూర్చుని, మామూలు గొంతుతో, ముందు అడుగు దూరం నుంచి, తర్వాత మూడు అడుగుల నుంచి. మధ్యమధ్య ఏమీ అనకుండా ఊరుకోండి, ఊరికే తల తిప్పుతోందేమో తెలుస్తుంది. నిన్నటిదాకా ష్, స్ విని ఇవాళ వినకపోతే మోల్డ్, ట్యూబు, బ్యాటరీ వరుసగా చూడండి. అన్నీ బాగుంటే చెవిలో నీరో, వినికిడి తగ్గడమో అయ్యుండొచ్చు. రెండు నిమిషాల ఈ పనిని మించిన పరీక్ష ఇంట్లో మరోటి లేదు.

మాట్లాడే పద్ధతికి వద్దాం. మిషను ఎంత మంచిదైనా దూరాన్ని జయించలేదు. దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అడుగు దూరంలో ఉన్న మాట ఎనిమిది అడుగులకు 18 డెసిబెల్స్ పోగొట్టుకుంటుంది. వంటింట్లోంచి హాల్లోకి కేకేస్తే ఆ కేక గోడకు చెప్పినట్టే. దగ్గరికి వచ్చి, మిషను పెట్టిన చెవి పక్కన, మామూలు గొంతుతో చెప్పండి. అరిస్తే అచ్చులు పెద్దవై హల్లులు మునిగిపోతాయి. టీవీ ఆపడం, కూలర్ దగ్గర కూర్చోబెట్టకపోవడం, స్లాబు గదిలో ప్రతిధ్వని తగ్గేలా కిటికీలకు తెరలు, నేలన చాపో బొంతో పరచడం: ఖర్చు తక్కువ, లాభం ఎక్కువ. నలుగురున్న ఇంట్లో ఒకసారికి ఒకరే మాట్లాడాలి. ఇది అన్నిటికన్నా కష్టం.

ముందు వినిపించి, ఆ తర్వాతే చూపించాలి. కుక్కర్ విజిలేస్తే చెవి మీద వేలు పెట్టి "విన్నావా? కుక్కరు!" అని, అప్పుడు తీసుకెళ్లి చూపించండి. ఒక్కో మాట విడిగా, "బంతి, బంతి, బంతి" అనడం కన్నా "బంతి పడిపోయింది, బంతి ఎక్కడికి పోయింది, ఇదిగో దొరికింది" అనడం మేలు. తెలుగులో దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది, అచ్చులు గట్టిగా వినపడతాయి కాబట్టి అది మన పిల్లలకు కలిసొచ్చే సంగతి. చిక్కు ఎక్కడంటే, వచ్చాడు, వచ్చింది, వస్తాడు అన్న తేడాలన్నీ మాట చివరే ఉన్నాయి. అలసిపోయినప్పుడు మనం మింగేసేదీ ఆ చివరే. పాలు, పళ్లు, అటు, అట్టు: ఇలాంటి పొడవు, ఒత్తు తేడాలు కూడా నెమ్మదిగా, సహజంగా, పూర్తిగా పలకండి. స్నానం, అన్నం, బట్టలు మార్చడం, నిద్ర: రోజూ అవే పనులు, అవే మాటలు తిరిగి తిరిగి వస్తాయి. థెరపిస్టు వారానికి గంటసేపు నేర్పేది బిడ్డకు కాదు, మీకు. తలుపు బయట కూర్చోబెట్టి బిడ్డను మాత్రమే లోపలికి తీసుకెళ్లే చోటికి పోకండి.

ఏ భాష అంటే, మీరు తడుముకోకుండా మాట్లాడే భాష. రేపు ఇంగ్లీషు మీడియం బడికి వెళ్తాడని తల్లి రాని ఇంగ్లీషులో రెండేసి మాటలు మాట్లాడితే బిడ్డకు ఏ భాషా పూర్తిగా అందదు. అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉన్నవాళ్లకూ ఇదే మాట. థెరపీ ఇంగ్లీషులో నడవనీ, ఇంట్లో తెలుగు ఆపకండి. సైగలు చేస్తే మాటలు రావన్న భయం కూడా వదిలేయండి. మిషను వచ్చేదాకా, బ్యాటరీ అయిపోయిన రాత్రి, స్నానంలో, బిడ్డకు మీతో మాట్లాడే దారి ఒకటి కావాలి. శబ్ద నరమే లేని పిల్లలకు భారతీయ సంజ్ఞా భాషే మొదటి భాష. దాన్ని మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టాలి, మిగతావన్నీ అయ్యాక మిగిలేదిగా చూడకూడదు.

చక్కగా అమర్చిన మిషన్లు మూడు నెలలు రోజంతా వాడినా మాట అందడం లేదని తేలితే కాక్లియర్ ఇంప్లాంటు. రెండు చెవులూ ప్రొఫౌండ్ అయితే ఏడాది వయసుకే ఈ నిర్ణయానికి రావడం మంచిది, అందుకు తగ్గ పరీక్షలు ముందే మొదలుపెట్టుకోండి. ఎమ్మారైలో శబ్ద నరం ఉందో లేదో, సీటీలో కాక్లియా ఆకారం ఎలా ఉందో చూస్తారు. న్యుమోకాకల్ టీకా ఆపరేషనుకు కనీసం రెండు వారాల ముందు పూర్తవ్వాలి. ఆపరేషనులో చెవి వెనక ఎముకలోంచి దారి చేసి, ఎలక్ట్రోడ్ల తీగను కాక్లియాలోకి పంపుతారు. ఆపరేషనైన రోజే వినపడటం మొదలవదు. గాయం మానాక, సాధారణంగా మూడు నాలుగు వారాలకు, బయటి ప్రాసెసర్ పెట్టి స్విచాన్ చేస్తారు. ఆ రోజు బిడ్డ నవ్వాలని ఎదురుచూడకండి. ఏడవచ్చు, ఏమీ పట్టనట్టు ఉండొచ్చు, రెండూ మామూలే. మొదటి మ్యాపులో, అంటే ప్రాసెసర్ సెట్టింగులో, శబ్దం తక్కువే పెడతారు, తర్వాత వారాల్లో, నెలల్లో పెంచుకుంటూ పోతారు. మ్యాపింగులకు వెళ్లకుండా ఉండిపోయిన ప్రాసెసర్ పాత కళ్లద్దాల్లాంటిది. బిడ్డ వినికిడి వయసు స్విచాన్ నుంచి లెక్కపెట్టండి. రెండేళ్ల బిడ్డ స్విచానై మూడు నెలలైతే చెవుల వయసు మూడు నెలలే, మేనత్త కొడుకుతో పోల్చకండి.

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ (మునుపటి ఆరోగ్యశ్రీ), తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిధిలోనూ, వైకల్యమున్నవాళ్లకు సాధనాలిచ్చే కేంద్రం ఆడిప్ పథకం కిందా కాక్లియర్ ఆపరేషన్లు చేస్తారు. వయసు పరిమితులు ఉంటాయి, అవి మారుతుంటాయి కాబట్టి రిపోర్టు వచ్చిన వారంలోనే కనుక్కోండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం, కోఠీలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, జిల్లాల్లో ప్రభుత్వ బాలల ఆరోగ్య కార్యక్రమం ఆర్‌బీఎస్‌కే కింద నడిచే డైక్ (డీఈఐసీ) కేంద్రాలు అడగదగ్గ చోట్లు. సంతకం పెట్టే ముందు మాత్రం ఒకటి తేల్చుకోండి: లోపలి భాగానికి, బయటి ప్రాసెసర్‌కు విడివిడిగా ఎన్నేళ్ల వారంటీ, కాయిల్ వైరు తెగితే ఎవరు ఇస్తారు, ఎన్ని రోజుల్లో? కాగితం మీద రాయించుకోండి. ఆపరేషను ఉచితంగా అయ్యి, వైరు కొనలేక ప్రాసెసర్ బీరువాలో పడి ఉన్న బిడ్డకు ఆపరేషను జరగనట్టే. నెలకు కొంత ఈ పేరున పక్కన పెట్టడం మొదటి నెల నుంచే మొదలవ్వాలి.

సదరం ధ్రువపత్రం, యూడీఐడీ (వైకల్య గుర్తింపు) కార్డు తీసుకోవడానికి మనసొప్పదు చాలామందికి. తీసుకోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం లోపం 40 శాతం గానీ ఆపైన గానీ ఉంటే పథకాలు, బడిలో వెసులుబాట్లు దానిమీదే ఆధారపడతాయి. ఆదాయపు పన్ను పాత విధానంలో 75,000, లోపం 80 శాతం గానీ ఆపైన గానీ ఉంటే 1,25,000 రూపాయల మినహాయింపు ఉంది.

ఇకమీదట జలుబును తేలిగ్గా తీసుకోకండి. జలుబుతో చెవిలో నీరు చేరితే ఉన్న వినికిడి ఇంకా తగ్గుతుంది. చెవి కారితే ఆ చెవి మోల్డ్ తీసి, డాక్టరుకు చూపించండి. రెండో చెవి మిషను తీయొద్దు. వేడి నూనె ఎవరు చెప్పినా పోయనివ్వకండి. స్కానింగులో లోపలి చెవిలోని సన్న గొట్టం (వెస్టిబ్యులార్ అక్విడక్ట్) వెడల్పుగా ఉందని రాసి ఉంటే, తలకు దెబ్బ తగిలినా ఉన్న వినికిడి ఒక్కసారిగా పడిపోవచ్చు. బడిలో టీచరుకు, ఇంట్లో పెద్దపిల్లలకు ఆ సంగతి చెప్పి ఉంచండి. అలాంటి బిడ్డ పొద్దున్నే స్, ష్ వినకుండా మొహం చూస్తూ ఉండిపోతే, బ్యాటరీ మార్చి ఇంకోసారి అని చూడండి. అప్పటికీ తల తిప్పకపోతే ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి బయల్దేరండి.